బూడిద బొమ్మలో పెళ్ళికళ

పెళ్ళిపందిట్లో కెమెరా పట్టుకున్నవాడి భుజంమీదుగా ఆ చిన్న తెరలోకి తొంగిచూసి, ఉలిక్కిపడని పెద్దమనిషిని నేనింతవరకూ చూడలేదు. ఎదురుగా పీటలమీద కూర్చున్న పెళ్ళికూతురు కట్టుకున్నది పండుమిరపకాయ రంగు పట్టుచీర. తెరమీద మాత్రం అది బూడిదలో దొర్లించి తీసినట్టు వెలవెలబోతూ వుంటుంది. పసుపు పసుపులా వుండదు, కుంకం కుంకంలా వుండదు. నల్లని జుట్టు పొగ పట్టినట్టూ, తెల్లని పంచె మాసినట్టూ కనిపిస్తాయి. "ఏమయ్యా, కెమెరా చెడిపోయిందా ఏమిటి? అవతల ముహూర్తం ముంచుకొస్తూంటే ఇదేం బొమ్మ?" అని ఆయన కంగారు. కెమెరా నిక్షేపంలా వుందండీ, కావాలనే ఇలా తీస్తున్నాం అని చెబితే ఆయన కంగారు రెట్టింపవుతుంది. కావాలని పెళ్ళిబొమ్మ పాడుచేసేవాడు ఎక్కడైనా వుంటాడా?

నరసరావుపేటలో కాపురముంటూ పల్నాటి పెళ్ళిళ్ళకూ, తిరునాళ్ళకూ కెమెరా పట్టటం, పట్టినదానికి తరవాత రంగు దిద్దటం నా వృత్తి. పందిట్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక వుండదు. పురోహితుడు నా కోసం మంగళసూత్రం ఆపడు గదా! అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను. పెళ్ళి వీడియోకు లక్షలు పోస్తున్న రోజుల్లో, ఆ డబ్బుతో మనం కొంటున్నదేమిటో ఇంటిల్లిపాదికీ తెలిసివుండటం మంచిది.

ఈ బూడిద బొమ్మకు 'లాగ్' అని పేరు. తొడుక్కునే లాగుకూ దీనికీ చుట్టరికం లేదు. మన పెద్దవాళ్ళు కాలేజీలో క్లార్క్స్ టేబిల్స్ తిరగేస్తూ తంటాలు పడ్డారే, ఆ లాగరిథములే ఇవి. తెలుగు లెక్కల పుస్తకాల్లో సంవర్గమానాలంటారు. పేరు వినగానే పరీక్ష హాలు గుర్తుకొచ్చి పేజీ తిప్పకండి. మన వంటింటి కొలపాత్రలతోనే ఈ లెక్క తేలిపోతుంది.

కొలపాత్రల లెక్క

గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. కిలోలు వచ్చి ఇవి అటకెక్కాయిగాని, వీటిలో ఒక చమత్కారముంది. ప్రతి కొలతా దాని ముందుదానికి సరిగ్గా రెట్టింపు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, అలా ఎక్కుకుంటూ పోతే కుంచంలో 64 గిద్దలు పడతాయి. కెమెరావాళ్ళు 'స్టాప్' అనేది కూడా ఇలాంటి మెట్టే. ఒక స్టాప్ పెంచామంటే వెలుగు రెట్టింపు చేశామన్నమాట. రెండు స్టాపులంటే నాలుగింతలు. మంచి కెమెరా ఒకే బొమ్మలో 14 స్టాపుల దాకా పట్టగలదంటారు. అంటే అది చూడగలిగే మసక వెలుగుకూ, కళ్ళు చెదిరే వెలుగుకూ మధ్య తేడా 16,384 రెట్లు.

చూడటం ఒక ఎత్తు, చూసినది రాసుకోవటం మరొక ఎత్తు. కెమెరా దగ్గర 1,024 గీతల పుస్తకముందనుకోండి. లోపలి చిప్పు కొలిచినది కొలిచినట్టుగా అందులో రాస్తే ఏమవుతుంది? అడ్డకూ కుంచానికీ మధ్యనున్న వెలుగుకే సగం పుస్తకం, 512 గీతలు ఖర్చయిపోతాయి. మానికకూ అడ్డకూ మధ్య 256. ఆ కిందిదానికి 128. అలా తగ్గుతూ వచ్చి గిద్దకూ అరసోలకూ మధ్య 16 గీతలు మిగులుతాయి. గిద్దకు లోపలున్న చీకటి లోకమంతా, అంటే వసారా మూలలూ, తలుపు చాటు ముఖాలూ, మరో 16 గీతల్లో ఇరుక్కోవాలి. కలవారింట్లో గదికొకరూ, పేదింట్లో గదికి పదిమందీ అన్నట్టుగా వుంటుంది పంపకం.

లాగ్ చేసేది ఈ పంపకాన్ని సరిచెయ్యటమే. గిద్ద మెట్టుకూ కుంచం మెట్టుకూ దాదాపు సమానంగా, మెట్టుకు సుమారు 70 గీతల చొప్పున పంచిపెడుతుంది. మన కన్నుకూడా వెలుగును ఇంచుమించు ఇలాగే రెట్ల లెక్కన గ్రహిస్తుంది. చీకటి గదిలో రెండో దీపం వెలిగిస్తే తేడా తెలుస్తుందిగాని, నూరు దీపాల మధ్య నూటొకటోది ఎవరి కంటికి ఆనుతుంది?

మరి బూడిద రంగెందుకు వచ్చిందంటారా? మన టీవీలు 1990లో ఏర్పరచిన ఒక ప్రమాణం ప్రకారం బొమ్మను చూపిస్తాయి. 'రెక్ 709' అని దాని పేరు. మామూలు వీడియో ఆ ప్రమాణానికి సరిపోయేట్టు, ఆరేడు స్టాపుల వెలుగును మాత్రం తీసుకుని నిండుగా, నిగనిగలాడేట్టు చూపిస్తుంది, మిగతాది పారేస్తుంది. లాగ్‌లో 14 మెట్లనూ అదే తెరలోకి కుదించి కూరారు కనుక, ఏ రెండు మెట్లకూ మధ్య పెద్ద తేడా కనిపించదు. అందుకే ఆ వెలవెల. అది బొమ్మ కాదు, బొమ్మకు పెట్టుబడి. ఊరగాయకు ఉప్పులో వేసిన ముక్కను చూసి, ఇదేనా ఆవకాయ అని అడిగినట్టుంటుంది దాన్ని చూసి బెదిరిపోవటం.

ఈ ఉపాయం వీడియోవాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. సినిమా ఫిలిం నెగెటివు స్వభావమే అది. దానిమీద పడిన వెలుగు ఎన్ని రెట్లు పెరిగితే అన్ని మెట్లు చిక్కబడుతుంది. 1990ల మొదట్లో కొడక్ కంపెనీ 'సినియాన్' అనే పద్ధతితో ఫిలిమును ఇదే లెక్కన అంకెల్లోకి మార్చింది. వాల్ట్ డిస్నీ పాత బొమ్మల చిత్రం 'స్నో వైట్'ను 1993లో ఆ విధంగానే బాగుచేశారు. 2000లో అమెరికాలో 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే చిత్రం వచ్చింది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ మిసిసిపీ రాష్ట్రంలో నిండు వేసవి పచ్చదనంలో తీసుకొచ్చిన బొమ్మనంతా కంప్యూటరులో ఎండుగడ్డి రంగుకు తిప్పారు. 2010లో వచ్చిన ఆరి అలెక్సా కెమెరాతో లాగ్ పెద్ద సినిమాలన్నిటా స్థిరపడింది. 2014లో సోనీ చిన్న కెమెరాలోకి దిగింది. 2023లో ఐఫోను 15 ప్రో వచ్చేసరికి జేబులోకే వచ్చేసింది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మొదటి చిన్న కెమెరాల్లో పుస్తకానికి 256 గీతలే వుండేవి. వాటిని 14 మెట్లకు పంచితే మెట్టుకు పద్దెనిమిదేసి. నాగార్జునసాగరం మీద పొద్దుగుంకే ఆకాశం తీసుకొచ్చి రంగు దిద్దబోతే, మబ్బు మెట్లు మెట్లుగా, చారలు చారలుగా విడిపోయేది. ఇప్పటికీ అలాంటి కెమెరాతో లాగ్ తీస్తామనేవాళ్ళున్నారు. వాళ్ళచేత మామూలుగానే తీయించుకోవటం మేలు.

మన సినిమాల్లోనూ రంగు దిద్దటం పాత విద్యే. 'పల్నాటి యుద్ధం' కథను మనవాళ్ళు 1947లో ఒకసారి, 1966లో మరొకసారి చిత్రించారు. మొదటిదాన్ని ప్రారంభించిన గూడవల్లి రామబ్రహ్మంగారు 1946లో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేశారు. రెండూ నలుపు తెలుపు చిత్రాలే. బ్రహ్మనాయుడి తలపాగా ఏ రంగుదో చూసినవాళ్ళు ఎవరికి వారే ఊహించుకున్నారు. ఈ రెంటికీ మధ్య, 1963లో, 'లవకుశ' రంగుల్లో వచ్చింది. రంగుల ఫిలిం వచ్చాక లాబరేటరీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దీపాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 50 దాకా అంకెలు. ప్రతి షాటుకూ ఆ మూడంకెలు నిర్ణయించే ఆసామి చీకటిగదిలో కూర్చునేవాడు. సినిమా పేర్లలో ఆయన పేరు పడినా చదివేవాళ్ళు తక్కువ. నేను ఈనాడు చేస్తున్నది ఆయన పనే.

2010లో 'మాయాబజార్'కు రంగులు వేశారు గదా, మీరు చేసేదీ అదేనా అని కొందరడుగుతారు. కాదు. 1957లో మార్కస్ బార్‌ట్లీగారు తీసిన నెగెటివులో రంగు అనేదే లేదు. హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ వాళ్ళు అది ఇలా వుండివుంటుందని ఎంచి వేశారు. లాగ్‌లో అసలు రంగు వుంది, అణిగివుంది. పైకి తేవటం మా పని.

ఎండలో, చీకట్లో

అణిగివున్నదాన్ని పైకి తేవచ్చుగాని, లేనిదాన్ని తేలేం. అందుచేత అసలు కిటుకంతా తీసేటప్పుడు ఎంత వెలుగు లోపలికి రానిచ్చామన్న దానిలో వుంది. దీన్నే ఎక్స్‌పోజర్ అంటారు. ఎక్కువైతే తెలుపు కాలిపోతుంది. ఒకసారి కాలిన తెలుపులోంచి పంచె అంచు జరీ పోగును ఏ కంప్యూటరూ వెనక్కి తీసుకురాలేదు. తక్కువైతే నీడల్లో ఇసక పోసినట్టు గ్రెయిన్స్ లేస్తాయి. ఈ రెంటిలో గ్రెయిన్స్ కొంత నయం. ఇసక కిందయినా ముఖం వుంటుంది.

సోనీవారి ఎస్-లాగ్ 3 అనే పద్ధతిలో, నూటికి 18 పాళ్ళ వెలుగును తిరిగి పంపే బూడిదరంగు అట్టను కెమెరా ముందు పెడితే, కొలత గీతమీద అది 41 దగ్గర నిలవాలి. తెల్లకాగితం 61 దగ్గర. ఆ పైనున్నదంతా కాగితంకంటే మెరిసేవాటికి, అంటే నగల తళుకులకూ, దీపాలకూ, ఆకాశానికీ కేటాయించిన చోటు. నీడలు శుభ్రంగా రావటానికి చాలామంది ఒక స్టాప్ ఎక్కువే ఇచ్చి, తరవాత దించుకుంటారు. నేనూ అంతే. అయితే పల్నాటి ఎండలో ఆ ఒక్క స్టాప్ ఇచ్చేముందు రెండుసార్లు ఆలోచించాలి.

మా ఎండ సంగతి చెప్పనక్కరలేదు. వేసవి వచ్చిందంటే వార్తల్లో రెంటచింతల పేరు వినబడవలసిందే. ఆ రెంటచింతల గురజాలకు దగ్గరే. అక్కడి ఇళ్ళముందు పరిచినవి నాపరాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండ పైనుంచి ఒకటి, రాళ్ళమీదనుంచి లేచి గడ్డం కింద కొట్టేది మరొకటి. లాగ్ తీసే కెమెరాకు దాని సహజమైన సున్నితత్వం ఒకటుంటుంది, ఉదాహరణకు ఐఎస్‌ఓ 800; దానికంటే తగ్గిస్తే లాభం లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కనుక, ట్యూబులైట్లు మిణుకుమనకుండా షట్టరు యాభైయవ వంతు సెకను దగ్గర వుంచాలి. ఇవి రెండూ కదపరానివి. అప్పుడు లెన్సు కన్నం నాలుగు దగ్గర పెట్టుకోవాలంటే, నడిఎండలో ఎనిమిది స్టాపులు ఎక్కువైపోతుంది. కనుక లెన్సుకు నల్లద్దం బిగించి వెలుగులో 256వ వంతును మాత్రమే లోపలికి పంపాలి. ఎన్‌డి ఫిల్టరంటారు దాన్ని. చలువ కళ్ళద్దాలు మనకేనా, కెమెరాకూ అక్కర్లేదా?

మాఘ ఫాల్గుణాల్లో మిరప కల్లాలమీద మరో తమాషా. ఎకరాల కొద్దీ ఎర్రదనం. కొలత చూస్తే అంతా సవ్యంగానే, మధ్యస్థంగానే కనిపిస్తుంది. కాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే కొలత పెట్టి చూస్తే, ఎరుపొక్కటే కొండెక్కి కూర్చుని వుంటుంది. చూసుకోకుండా తెచ్చి టీవీ ప్రమాణంలోకి మార్చారా, కాయ కాయకూ వున్న ముడత, తొడిమ దగ్గరి నలుపు, తాలుకాయ తెలుపు అన్నీ కలిసి ఎర్రటి ముద్దయి వూరుకుంటాయి. గుంటూరు యార్డులో రంగు చూసి ధర కట్టే సరుకాయె. రైతు చూస్తే నవ్విపోతాడు. మాచర్ల అవతల ఎత్తిపోతల దగ్గర ఇదే కష్టం తెలుపుతో వస్తుంది. చంద్రవంక డెబ్భై అడుగుల పైనుంచి దూకే చోట నురుగు ఒక పక్క, చుట్టూ తడిసి నల్లబడిన రాతిబండలు ఒక పక్క. నేనయితే నురుగును కాపాడి, బండల్ని తరవాత లేపుకుంటాను.

ఇక కోటప్పకొండ. శివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి, వెన్నెల ఆశ లేని రాత్రి. చుట్టుపక్కల గ్రామాలనుంచి అరవై డెబ్భై అడుగులూ, అంతకు మించీ ఎత్తున్న ప్రభలు ఒళ్ళంతా విద్యుద్దీపాలతో కొండకింద బారులు తీరతాయి. ఇటు దీపాల వెలుగు కళ్ళు మిరుమిట్లు గొలుపుతూంటే, పక్కనే ఆ ప్రభకు తాడు పట్టినవాడి ముఖం చీకట్లో. కెమెరా కుంచం మొత్తం ఇక్కడ చాలదు. ఎవరినో ఒకరిని వదులుకోవాలి. కొందరు కుర్రవాళ్ళు ప్రభనే ముఖ్యమనుకుని దీపాలకు కొలత పెడతారు. బొమ్మ చూడముచ్చటగానే వుంటుంది, జనం లేని ఊరిలా. నేను బుడ్డి గాజు రంగు నిలిచేదాకా ఇచ్చి, నడిమి తీగ కాలిపోతే పోనిమ్మంటాను. దీపం మధ్య తెల్లగా వుంటే ఎవరూ తప్పు పట్టరు. తమ్ముడి ముఖం కనిపించకపోతే మాత్రం ఊరు ఊరంతా పడుతుంది. ఈమధ్య వచ్చిన నీలం ఎల్‌ఈడీలు వేరే తలనొప్పి. వాటి నీలం ఎంత చిక్కనిదంటే, టీవీ ప్రమాణంలోకి దింపేసరికి పక్కనున్న ముఖాలమీద వూదారంగు మచ్చలు కట్టినట్టవుతుంది. వాటిని ఒక్కొక్కటే పట్టుకుని తగ్గించాలి.

కోడలి రంగు

ఇంటికి తెచ్చాక మొదటి పని, లాగ్‌ను టీవీ ప్రమాణంలోకి దింపటం. దీనికి 'లట్' అనే తయారు అచ్చులు దొరుకుతాయి. బొమ్మను అందులో పోస్తే క్షణంలో రంగులు లేస్తాయి. అంతటితో సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. అచ్చు పోసిన బొమ్మ అచ్చులాగే వుంటుంది. ఆ అచ్చు చేసినవాడికి మన కొబ్బరాకుల పందిరి ముఖాలమీద పచ్చదనం పూస్తుందనీ, పసుపు షామియానా కింద ఊరంతా కామెర్లు వచ్చినట్టుంటారనీ ఎలా తెలుస్తుంది? 2009లో బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ 'డావించీ' అనే సుప్రసిద్ధమైన రంగుల యంత్రాంగాన్ని కొని, తరవాత దాన్లో ఒక భాగాన్ని ఉచితంగా అందరికీ ఇచ్చింది. పెద్ద స్టూడియోలకే పరిమితమైన పనిముట్టు ఇవాళ గుంటూరు జిల్లాలో, పల్నాడు జిల్లాలో ఏ కుర్రవాడి కంప్యూటరులోనైనా వుంది. పనిముట్టు వచ్చినంత త్వరగా చూపు రాదు గదా.

ఆ పనిముట్టులో వెక్టర్‌స్కోప్ అని ఒక గుండ్రని గడియారం లాంటిది వుంది. బొమ్మలోని రంగుల్ని చుక్కలుగా చూపిస్తుంది. దానిలో ఏటవాలుగా ఒక గీత వుంటుంది. మనిషి చర్మం, తెల్లదొర కానీ, నీగ్రో జాతివారు కానీ, మన పల్నాటి రైతు కానీ, ఇంచుమించు ఆ గీత దగ్గరే పడుతుంది. కారణం సులభం: అందరి చర్మంలోనూ వర్ణద్రవ్యం ఒక్కటే, కింద పారే రక్తం ఒక్కటే. తెలుపు నలుపు అని మనం పడే తేడా చాలామటుకు వెలుగులో తేడాయే కాని రంగులో తేడా కాదు. ఈ ముక్క నేను మొదటిసారి తెరమీద కళ్ళారా చూసినప్పుడు చాలాసేపు ఆ చుక్కలవంకే చూస్తూ కూర్చున్నాను. (మన పెళ్ళికూతుళ్ళు మాత్రం ఆ గీతనుంచి కాస్త పసుపు వైపు జరుగుతారు. ముఖానికి పసుపు రాసుకున్నారు మరి! యంత్రం చేత తనంతట తాను సవరింపజేస్తే, ముందు ఆ పసుపును కడిగేస్తుంది.)

అయితే కెమెరా లోకం చాలాకాలం అందరినీ ఒక్క గీతమీద చూడలేదు. కొడక్‌వారు లాబరేటరీలకు రంగు సరిచూసుకునేందుకు పంపిన నమూనా బొమ్మలో ఒక తెల్లని దొరసాని వుండేది. 'షర్లీ కార్డు' అనేవారు. ఆమె ముఖం బాగుంటే ప్రపంచం బాగున్నట్టే. ఫిలిం నల్లని చర్మంలోని ఛాయల్ని సరిగా చూపటంలేదని మొదట గట్టిగా ఫిర్యాదు చేసిన వాళ్ళలో చాక్లెట్లు, కర్రసామాను అమ్మే కంపెనీలవాళ్ళున్నారట! మనుషులు వాళ్ళ తరవాత. ఆ వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ముఖంమీద 70 దగ్గర జీబ్రా చారలు కనిపించేదాకా వెలుగు ఇమ్మని కెమెరా పాఠాల్లో చెప్పే సూత్రం తెల్లని చర్మానికి కట్టినది. చామనఛాయ పెళ్ళికూతురికి ఆ సూత్రం వర్తింపజేస్తే, తీసేటప్పుడే ఆమె ఆమె కాకుండా పోతుంది.

గురజాల వైపు ఒక పల్లెలో వైశాఖమాసంలో, పదకొండు గంటల ముహూర్తానికి జరిగిన పెళ్ళి సంగతి చెబుతాను. పదహారురోజుల పండుగ అయ్యాక, పెళ్ళికొడుకు తల్లి, కొత్తకోడలూ మా గదికి వచ్చి తెరముందు కూర్చున్నారు. కాసేపు చూసి ఆవిడ, "అంతా బాగుంది నాయనా. మా కోడలి ముఖం కాస్త తెలుపు చెయ్యి. అమెరికాలో మా అక్కయ్యా వాళ్ళు చూస్తారు" అంది. దుర్మార్గమేమీ లేదు ఆ గొంతులో. తలదువ్వి బొట్టు పెట్టమన్నంత మామూలుగా అడిగింది. ఇలా అడగనివాళ్ళు నూటికి ఇద్దరుంటే గొప్ప.

ఆ సమయానికి తెరమీద కన్యాదానం నడుస్తూంది. చెయ్యి చూపితే నయమని, ముఖం చుట్టూ గీత గీసి ఒక స్టాప్ వెలుగు పెంచాను. ముఖం తెల్లబడింది. మెడ దగ్గర తేడా వచ్చింది. మెడ కలిపాను. అప్పుడు తండ్రి చేతిలో వున్న ఆమె చెయ్యి వేరెవరిదోలా కనిపించింది. చేతిని కూడా పెంచితే తండ్రి వేళ్ళూ పెరుగుతున్నాయి. ఆ రెండు చేతులదీ ఒకే రంగు. ఎక్కడ ఆయన చెయ్యి ఆగిందో, ఎక్కడ ఆమెది మొదలయిందో గాజుల్ని బట్టి చెప్పవలసిందే.

అంతదాకా నోరు మెదపని కొత్తకోడలు, "నన్ను తెల్లగా చేస్తే మా నాన్ననీ చెయ్యాలిగా అన్నా" అంది, నవ్వుతూనే.

అత్తగారు కొంతసేపు తెరవంక చూసింది. "ఆ చెయ్యి అట్లాగే వుంచు" అంది చివరకు. ముఖం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను పెంచిన స్టాప్ తీసేసి, పందిరి పచ్చదనం ఒక్కటే తగ్గించి, కళ్ళల్లో మెరుపు కనిపించేట్టు నీడను రవ్వంత ఎత్తాను. మనిషిని మార్చకుండా మనిషిని బాగా చూపటం అంటే ఇంతే; తెలుపు చెయ్యటం కంటే దీనికే ఎక్కువసేపు పడుతుంది.

దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ తండ్రి ఒక్కడే వచ్చాడు. ఆయన తల్లి, అంటే పెళ్ళికూతురి నాయనమ్మ, పోయిందట. పెద్దకర్మకు పెట్టటానికి పటం కావాలి. ఫొటోలన్నీ వెతికారు, అన్నిటా ఆవిడ వెనక వరసలో, ఎవరి భుజం చాటునో వుంది. "వీడియోలో వసారాలో కూర్చున్నట్టు గుర్తు, చూడవయ్యా" అన్నాడు. పెళ్ళికి ఇచ్చిన కాపీలో చూశాం. వాకిట్లో పందిరి, నాపరాళ్ళమీద ఎండ, తెల్లని పంచెలు. ఆ వెలుగును అదుపులో పెట్టి దిద్దిన బొమ్మ కనుక వసారా అంతా చిక్కని నీడ. నీడలో తెల్లచీర అంచు తప్ప ఏమీ లేదు.

అదృష్టవశాత్తు అసలు లాగ్ ఇంకా నా దగ్గర వుంది. దాన్ని తెరిచి, వాకిలి ఏమైపోతే పోనీయని వసారా ఒక్కదాన్నే నాలుగు స్టాపులు లేపాను. ఎండ అంతా తెల్లగా పేలిపోయింది. నీడలోంచి ముందు స్తంభం, తరవాత నులకమంచం పట్టె, తరవాత ముఖం వచ్చాయి. గ్రెయిన్స్ లేచాయిగాని ముఖం స్పష్టంగా వుంది. పందిరివైపే చూస్తూంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒడిలో పెట్టుకుంది. ఇంకా దగ్గరకు తెస్తే, వేళ్ళ సందుల్లో పసుపుగా గింజలు. అక్షింతలు. మోకాళ్ళ నొప్పులతో పందిట్లోకి నడవలేక, ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తారని చేత పట్టుకుని కూర్చుందన్నమాట. ఆ విషయం కొడుక్కూ తెలియదు.

గ్రెయిన్స్ తగ్గించే ఉపాయాలున్నాయి. గట్టిగా వాడితే ముఖంమీది ముడతలూ కూడా పోతాయి. వద్దన్నాడాయన.

వీడియో మాట్లాడుకునే కుటుంబాలవారు అడిగి పుచ్చుకోవలసినది ఇదే: ముస్తాబు చేసిన సినిమాతోపాటు అసలు లాగ్ ఫైళ్ళు కూడా. చాలా స్టూడియోల్లో చోటు చాలక కొన్ని నెలలకు చెరిపేస్తారు, వాళ్ళను అనుకుని లాభం లేదు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 గిగాబైట్లు. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540. ఒక చిన్న హార్డ్ డిస్కులో పట్టేదే. పెళ్ళిలో పూలకయిన ఖర్చులో ఒక మూలకు రాదు. డిస్కులూ చెడిపోతాయి కనుక రెండింటిలో పెట్టుకుంటే మరీ మంచిది. ఇవాళ దిద్దిన రంగు పదేళ్ళకు పాతబడవచ్చు, నచ్చకపోవచ్చు. అసలుంటే ఎవరైనా మళ్ళీ దిద్దుతారు.

ఆ తండ్రి మర్నాడు డిస్కు కొనుక్కుని వచ్చాడు. కాపీ కావటానికి గంటన్నర పట్టింది. టీ తెప్పించి ఇచ్చాను. స్టూలుమీద కూర్చుని, తెరమీద కదిలే ఆ పచ్చగీతను చివరిదాకా చూసి, డిస్కును పై కండువాలో చుట్టుకుని మాచర్ల బస్సుకు వెళ్ళాడు.